వెనక పిలవని గొంతు

వంటింట్లో పెసరట్లకి పిండి రుబ్బుకుంటూ, ముందుగదిలో తన గొంతే ఎవరినో మందలిస్తూంటే వినడం సీతారత్నానికి అలవాటై ఏడాది దాటింది. అయినా విన్నప్పుడల్లా ఒళ్ళు ఝల్లుమనడం మాత్రం మానలేదు. మనిషి ఇక్కడ, మాట అక్కడ. దేవుడు మనిషికి ఒక్క గొంతే ఎందుకిచ్చాడో ఆవిడకి అప్పుడప్పుడు అర్థమైనట్టే ఉండేది.

"ఎర్ర విమానం, తొందరపడకు బాబూ. దిగేవాణ్ణి ముందు దిగనీ. తరవాత నువ్వే" అంటోంది ముందుగదిలోని సీతారత్నం.

వంటింట్లోని సీతారత్నం మిక్సీ ఆపి, చెయ్యి కడుక్కుని, దేవుడిగూట్లో దీపం ఒకసారి చూసుకుంది. ఇవాళ దీపం మీద ఆవిడకి అదేపనిగా చూపు పోతోంది. కూతురు హంసిని ఇవాళ పది గంటలకి ఒంటరిగా విమానం ఎగరెయ్యబోతోంది. పక్క సీట్లో నేర్పే సారు ఉండడు. విమానమూ పిల్లా, అంతే. దాన్నే సోలో అంటారట.

పిల్ల ఆరింటికే శిక్షణ బడి వ్యానెక్కడానికి బయలుదేరింది. అది గుమ్మం దిగి పది అడుగులు వేశాక, బల్ల మీద దద్ధోజనం డబ్బా కనబడింది సీతారత్నానికి. ఇంకో తల్లయితే "ఒలే హంసా!" అని గుమ్మంలోంచి కేకేసేది. సీతారత్నం నోరు మెదపలేదు. డబ్బా పట్టుకుని పెరటి తలుపు తీసుకుని, వెనక సందులోంచి చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి పరుగెత్తి, వీధి మలుపులో కూతురికి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మళ్ళీ ఎదురొచ్చీసేవా!" అని నవ్వింది హంసిని. "ఒక్క కేక వేస్తే పోయేదానికి ఈ ఆయాసం ఎందుకే అమ్మా?"

"ముత్తైదువ ఎదురొస్తే మంచిదే. తీసుకో. వెళ్ళిరా తల్లీ."

ఇరవయ్యేడేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఎవర్నీ ఆవిడ వెనక పిలిచింది లేదు. భర్త గున్నేశ్వరరావు సర్వే శాఖలో పనిచేసిన రోజుల్లో కొలతల గొలుసు మరిచిపోయినా, కళ్ళజోడు మరిచిపోయినా, వీధి మలుపులో ఎదురొచ్చి చేతికిచ్చేది. విజయనగరంలో ఆ వీధివాళ్ళు "రత్నమ్మగారి ఎదురుకోలు" అని వేళాకోళం చేసేవారు.

ముందుగదిలో గున్నేశ్వరరావు మూడు తెరల ముందు కూర్చుని ఉన్నాడు. రిటైరయ్యాక ఆయనకి పట్టిన పిచ్చి అది. ఇంట్లో కూర్చుని విమానం నడిపే ఆట. ఆటంటే ఆయనకి కోపం, సిమ్యులేటర్ అనాలి. పాడైన కుట్టుమిషను తొక్కుడుపలకని కాళ్ళ కింద పెట్టుకుని, విమానాన్ని అటూ ఇటూ తిప్పడానికి వాడుకునేవాడు. తెర మీద ఆయన ఒక్కడిదే కాదు, ఇంకా బోలెడు విమానాలు తిరుగుతూండేవి. వాటిని కంప్యూటరే నడిపేది. దాన్ని ట్రాఫిక్ అనేవాడు. ఆ ట్రాఫిక్‌ని అదుపులో పెట్టడానికి ఆటతోపాటు వచ్చిన కంట్రోలరు ఒకడుండేవాడు గానీ, వాడు చదివిందే చదివేవాడు. ఒకడి నెత్తిన ఒకణ్ణి దింపేవాడు.

ఆరేళ్ళ క్రితం, పక్కన కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్న సీతారత్నం ఉండబట్టలేక, "ఏవండీ, ఆ వెనకొస్తున్నవాణ్ణి ఒక చుట్టు తిరిగి రమ్మనకూడదా? ముందు బంతి లేవకుండా రెండో బంతిని విస్తళ్ళ ముందు కూర్చోబెడతారా ఎవరైనా?" అంది. పదమూడేళ్ళ హంసిని తల్లి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, "అయితే నువ్వే చెప్పు" అంది. చెప్పింది. పదో తరగతితో చదువాపేసిన మనిషి, వంద పెళ్ళిళ్ళలో వడ్డన చూసుకున్న మనిషి. ఎవణ్ణి ఎప్పుడు కూర్చోబెట్టాలో, ఎవణ్ణి మాటల్లో పెట్టి వసారాలో ఆపాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. నెల తిరిగేసరికి ఇళ్ళల్లో విమానాలు నడుపుకునే వాళ్ళంతా సాయంత్రమైతే ఇంటర్నెట్లో ఆవిడ దగ్గరికే చేరడం మొదలెట్టారు. రత్నమ్మ టవర్ అని పేరు పెట్టారు.

ఆ పేరు విశాఖపట్నంలో ఒక ప్రయోగశాల దాకా పాకింది. అక్కణ్ణుంచి డాక్టర్ రోజలిన్ అనే అమ్మాయి వచ్చి, నాలుగేళ్ళ రికార్డింగులు తీసుకెళ్ళి, ఎనిమిది నెలల తరవాత ఒక చిన్న పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టె నోరు విప్పితే అచ్చం సీతారత్నమే.

"మాటలు నేర్పడం ఎవరైనా చేస్తారమ్మా" అంది రోజలిన్ మురిసిపోతూ. "మీరు ఎక్కడ మాట్లాడకుండా ఊరుకున్నారో, అది కూడా దీనికి నేర్పాను. మీ నేర్పంతా అక్కడే ఉంది."

ఆ పెట్టెలోని గొంతే ఇవాళ వేలమంది ఇళ్ళలో సిమ్యులేటర్లకి కంట్రోలరు. హంసిని చేరిన శిక్షణ బడి వాళ్ళు కూడా దాన్ని ప్రయోగంగా తీసుకున్నారు. వాళ్ళ చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కి టవర్ లేదు. గట్ల మీద కెమెరాలు పెట్టి, అవి చూసినదాన్ని బట్టి ఆ గొంతు నేర్చుకునే పిల్లల చెవిలో సలహా చెప్పే ఏర్పాటు. ఎగిరిన యాభై గంటలూ హంసిని చెవిలో ఉన్నది అమ్మ గొంతే.

"ఒసే రత్నం! నీ గొంతు నన్ను చంపీసిందే!"

గున్నేశ్వరరావు కేకకి సీతారత్నం పెనం మీద అట్టుని వదిలేసి పరుగెత్తింది. తెర నిండా పొగ, మంట.

"ఏటయిందండీ?"

"ఏటీ లేదు. ట్రాఫిక్‌లో ఒక విమానం రన్‌వే మధ్యలో బిగుసుకుపోయింది. ఒక్కోసారి కంప్యూటరు అలా మొరాయిస్తుంది. నేను అప్పటికే పరుగందుకున్నాను. నీ పెట్టె నన్ను ఆగమనలేదు. వాణ్ణి తప్పుకోమని బతిమాలింది. విను, రికార్డయింది."

ఆయన మీట నొక్కాడు.

"నీలం విమానం, పక్కకి తప్పుకో బాబూ. వెనక మనిషి బయలుదేరాడు. తప్పుకో నాయనా. నీలం విమానం, తప్పుకో..." అని తన గొంతు, విసుగు లేకుండా, మెత్తగా, అయిదుసార్లు. తరవాత ఢామ్మని చప్పుడు.

సీతారత్నం భర్త వైపు తిరిగింది. "మిమ్మల్ని ఒక్కసారైనా ఆగమనలేదా?"

"నువ్వెప్పుడు ఆపేవు గనక?" అన్నాడాయన నవ్వుతూ. అని, భార్య మొహం చూసి నవ్వు ఆపేశాడు.

అట్టు మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. ఎప్పుడూ ఆపలేదు. నిజమే. ఆటలోనైనా సరే, బయలుదేరినవాణ్ణి వెనక పిలవడానికి ఆవిడకి నోరు వచ్చేది కాదు. అడ్డొచ్చిన రెండోవాణ్ణే పక్కకి తోసేది, పైకి లేపేది, చుట్టు తిప్పేది. ఆటలో ట్రాఫిక్ చెప్పిన మాట తక్షణం వినేది కాబట్టి ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

గున్నేశ్వరరావు రోజలిన్‌కి ఫోను చేశాడు. ఆ అమ్మాయి అప్పటికే ఎయిర్‌స్ట్రిప్‌లో ఉంది. సంగతి విని, కాసేపు కంప్యూటరు చూసుకుని మళ్ళీ లైన్లోకి వచ్చేసరికి ఫోను సీతారత్నం చేతిలో ఉంది.

"చూశానమ్మా. మీ రికార్డింగుల్లో నాలుగువేల చిల్లర టేకాఫ్‌లున్నాయి. పరుగు మొదలెట్టాక ఆగమన్నది ఒక్కటీ లేదు. మేమది మీ గొప్పతనం అనుకున్నాం. ఆపే అవసరమే రానివ్వరని."

"గొప్పా కాదు, పాడూ కాదు తల్లీ. అది... మా ఇంట్లో ఒక పట్టింపు. ఇవాళ దాన్ని పిల్ల చెవిలో పెట్టకండి."

"నేనూ అదే ఆలోచిస్తున్నాను. కానీ ఇవాళ రన్‌వే మీద హంసిని తప్ప ఇంకో విమానం లేదు. మధ్యలో అడ్డొచ్చేవాడెవడూ లేడు. యాభై గంటలు ఆ గొంతుతో ఎగిరిన పిల్లకి సోలో రోజునే చెవి ఖాళీ చేస్తే బెదిరిపోతుందేమోనని నేర్పే కెప్టెన్‌గారి భయం. సాయంత్రం నేనే పెట్టె విప్పి చూస్తాను. సరేనా అమ్మా?"

తర్కం చూస్తే సబబుగానే ఉంది. "హంసకి ఒక్కసారి ఫోనివ్వమ్మా" అనబోయి సీతారత్నం నాలిక కరుచుకుంది. పిల్ల బయలుదేరిపోయింది. ఇంటి నుంచి ఫోను చెయ్యడమంటే వెనక పిలవడమే కదా? ఆ ఒక్క ఆలోచన దగ్గర ఆవిడ రెండు నిమిషాలు నిలువునా కొట్టుకుంది. చివరికి ఫోను పెట్టేసి, "స్కూటరు తియ్యండి. ఎదురెళ్దాం" అంది.

దారంతా గున్నేశ్వరరావు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయనకి గాబరా పుడితే నోరాగదు. సీతారత్నం ఆయన భుజం పట్టుకుని కూర్చుంది. పైడితల్లి అమ్మవారిని తలుచుకుందామంటే అన్న పైడిరాజే గుర్తొస్తున్నాడు.

అప్పుడావిడకి పన్నెండేళ్ళు. వాన పట్టేలా ఉంది. అన్న సైకిలెక్కి పరీక్షకి బయలుదేరాడు. గుమ్మంలోంచి తనే పిలిచింది: "అన్నా, గొడుగు!" పైడిరాజు వెనక్కొచ్చాడు. నవ్వాడు. గుమ్మం బయటే నిలబడి గొడుగందుకుని వెళ్ళిపోయాడు. గెడ్డ దాటుతూండగా నీరు మీదికొచ్చింది. గొడుగు దొరికింది.

పదోరోజున నాయనమ్మ ఒక్కటే మాట అడిగింది. "పిలిస్తే పిలిచావు. ఇంట్లోకి రమ్మని, కూకోబెట్టి, గుక్కెడు మంచినీళ్ళయినా ఇచ్చి పంపలేకపోయేవా పిల్లా?" మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ ఒక్కమాట చాలింది ముప్ఫై ఏడేళ్ళకి.

గొడుగందుకోవడానికి అన్నకి పట్టింది అరనిమిషం. ఆ అరనిమిషంలోనే గెడ్డ పొంగిందా, ముందే పొంగి ఉందా? దేవుడు అరనిమిషాలు కూడా చూస్తాడా? ఎన్నోసార్లు పూజలో కూర్చుని అడిగింది. జవాబు రాలేదు. రాలేదు కాబట్టి జాగ్రత్తగా ఉండడమే మేలనుకుంది. ఆ జాగ్రత్తే ఇప్పుడు పెట్టెలోకి ఎక్కి కూతురి చెవిలో కూర్చుంది.

వాళ్ళు ఎయిర్‌స్ట్రిప్ గేటు దాటేసరికి పదికి పది నిమిషాలుంది. హంసిని అప్పటికే విమానమెక్కేసింది. తెల్లగా, కొంగంత చిన్నగా ఉన్న ఆ విమానం రన్‌వే ఈ చివర ముక్కు తిప్పుకుని నిలబడి ఉంది. దాని పక్కన గడ్డిలో, చేతిలో రేడియో పట్టుకుని, కెప్టెన్ రహమతుల్లా.

రేకుల గదిలో రోజలిన్ తెరల ముందు కూర్చుని ఉంది. "రండమ్మా. ఏం భయం లేదు" అంది గానీ ఆ అమ్మాయి గోళ్ళు కొరుక్కున్న గుర్తులు సీతారత్నానికి కనబడ్డాయి.

"రన్‌వే ఆ చివర కనబడదేటి?" అని అడిగాడు గున్నేశ్వరరావు, కిటికీలోంచి చూస్తూ. సర్వే చేసిన కన్ను.

"మధ్యలో కొంచెం ఉబ్బుందండీ, తాబేలు వీపులా. ఈ పక్క నిలబడితే ఆ పక్కది కనిపించదు. అందుకే కెమెరాలు." రోజలిన్ బల్ల మీద మైకు చూపించింది. "ఈ మీట నొక్కితే మన మాట కూడా హంసిని చెవిలోకి వెళ్తుంది. అవసరం రాదనుకోండి."

గదిలో స్పీకరు పలికింది. "రన్‌వే ఖాళీగా ఉంది తల్లీ. గాలి ఎదురుగానే ఉంది. బయలుదేరు." సీతారత్నం గొంతు.

"బయలుదేరుతున్నాను" అంది హంసిని. చెప్పిన మాటని తిరిగి చెప్పడం వాళ్ళ పద్ధతి.

విమానం కదిలింది.

అవతలి చివర, గడ్డి కోసే ట్రాక్టరు నడిపే సింహాచలం గట్టు పక్కన ఆగి ఉన్నాడు. విమానం వెళ్ళేదాకా కదలొద్దని చెప్పి, చేతికొక రేడియో సెట్టు కూడా ఇచ్చారు. కానీ అతని సద్దిమూట అవతలి గట్టున చెట్టు కింద ఉంది. ఉబ్బు అడ్డం రావడంతో అతనికి విమానమూ కనబడలేదు. ఒక్క నిమిషంలో దాటేద్దామని ట్రాక్టరు రన్‌వే మీదికి ఎక్కించాడు. సరిగ్గా రన్‌వేకి అడ్డంగా ఉండగా, కత్తికి చుట్టుకున్న ఇనపతీగ బిగిసి బండి ఆగింది. అతను దిగి కిందికి వంగాడు. ఇంజను మోగుతూనే ఉంది.

ఇదంతా మూడో తెర మీద బొమ్మలా కనిపించింది.

స్పీకరు మళ్ళీ పలికింది. "సింహాచలం బాబూ, పక్కకి తప్పుకో. విమానం బయలుదేరింది. తప్పుకో నాయనా."

మెత్తగా. విసుగు లేకుండా. పొద్దున విన్న మాటే.

"అయ్యో!" అని రోజలిన్ కుర్చీ తన్నుకుని తలుపు దగ్గరికి పరుగెత్తింది. "కెప్టెన్ సార్! సార్!" ఇంజను హోరులో ఆ కేక గడ్డి దాటలేదు.

"తప్పుకో బాబూ, సింహాచలం. తప్పుకో..."

మైకు సీతారత్నానికి జానెడు దూరంలో ఉంది. చెయ్యి వెళ్ళింది. మీట నొక్కింది. నోరు తెరిచింది. మాట రాలేదు. గొంతులో ముప్ఫై ఏడేళ్ళ నాటి గొడుగొకటి అడ్డంగా తెరుచుకుంది. ఎదురెళ్దామంటే విమానానికి వెనక సందు లేదు.

"రత్నం!" అన్నాడు గున్నేశ్వరరావు.

"హంసా!" అంది సీతారత్నం. "హంసా, ఆగు! వెనక పిలుస్తున్నానే! అమ్మని! ఆగిపో!"

స్పీకర్లోంచి అదే క్షణంలో అదే గొంతు, "తప్పుకో నాయనా" అంటోంది. ఒక తల్లివి రెండు గొంతులు పిల్ల చెవిలో ఒకేసారి పడ్డాయి.

విమానం ముక్కు పైకి లేవబోయి, కిందికి కుంగింది. చక్రాల కింద పొగలేచింది. ఉబ్బు ఎక్కింది. దాటి కనుమరుగైంది. గదిలో ముగ్గురూ మూడో తెర వైపు తిరిగారు. తెల్లటి విమానం ఒక పక్కకి ఒరిగి జారుతూ, జారుతూ, ట్రాక్టరుకి నాలుగు బారల ఇవతల ఆగింది. సింహాచలం తలెత్తి చూసి, ఉన్నచోటనే చతికిలబడ్డాడు.

"ఆగాను" అంది హంసిని స్పీకర్లో. పద్ధతి ప్రకారం.

అంతా అక్కడికి చేరేసరికి సింహాచలం ఏడుస్తున్నాడు. "ఇమానం రాలేదు గదాని దాటుతున్నాను బాబూ. నా సెట్టు సద్దిమూట కాడుండిపోనాది. నాకేటి ఇనబడద్ది? నన్ను సంపీసినా పాపం లేదు."

కెప్టెన్ రహమతుల్లా అతణ్ణి ఒక్కమాట కూడా అనలేదు. రోజలిన్ వైపే చూశాడు. "యంత్రానికి ట్రాక్టరు కనబడిందా?"

"కనబడింది సార్."

"కనబడీ నా స్టూడెంటుని ఆగమనలేదు."

"లేదు సార్. పొద్దున నాకు తెలిసింది. మీకు చెప్పాను, కానీ గట్టిగా చెప్పలేదు. నాదే తప్పు." ఆ అమ్మాయి మొహంలో నెత్తురు లేదు.

"ఆవిడది కాదు, నాదండీ" అంది సీతారత్నం. "అది నా దగ్గరే నేర్చుకుంది."

హంసిని విమానం దిగి రెక్క పట్టుకుని నిలబడి ఉంది. తల్లిని చూడగానే నవ్వబోయింది, కుదరలేదు.

"రెండు గొంతులూ ఒకలాగే ఉన్నాయి కదే, నేనేనని ఎలా తెలిసింది?" అని అడిగింది సీతారత్నం.

"తెలియడానికేముందమ్మా. ఆ గొంతు ఎప్పుడూ వెనక పిలవదు. నువ్వూ పిలవవనుకో. కానీ ఎప్పుడూ పిలవనిదానివి పిలిచావంటే, ముందు ఏదో ఉందన్నమాటే. ఇంకేం ఆలోచించలేదు." ఒక్క క్షణం ఆగి, "బూతుమాట విన్నట్టయిందమ్మా నీ నోట" అంది. అప్పుడు నవ్వొచ్చింది దానికి. సీతారత్నానికి ఏడుపొచ్చింది.

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "హంసినీ, ఇవాళ చాలు. ఇంకో రోజు చూద్దాం."

పిల్ల మొహం వాడిపోయింది. సీతారత్నం అది చూసింది. హమ్మయ్య, అననివ్వు, ఇంటికి తీసుకుపోదాం అని తల్లి మనసు ఒక పక్క లాగుతోంది. ఇంకో పక్క నాయనమ్మ మాట. పిలిస్తే పిలిచావు.

"కెప్టెన్‌గారూ" అంది నెమ్మదిగా, "వెనక పిలిస్తే వెళ్ళడం మానెయ్యాలని మా పెద్దవాళ్ళు అనలేదండీ. ఇంట్లోకి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరమన్నారు. అంతే. నాకే ఆ సగం గుర్తు లేకుండా పోయింది."

కెప్టెన్ ఆవిణ్ణి, పిల్లని మార్చి మార్చి చూశాడు. "మా అమ్మీ కూడా అలాగే అనేది" అన్నాడు చివరికి. "గంట ఆగుదాం. నువ్వు సిద్ధమైతేనే."

రేకుల గది కిటికీ పక్క నీడలో హంసినిని కుర్చీలో కూర్చోబెట్టి, "కాసేపు కూర్చో. కాసిని మంచినీళ్ళు తాగి బయలుదేరు" అంటూ సీతారత్నం గ్లాసుతో నీళ్ళిచ్చింది. పిల్ల తాగుతున్నంతసేపూ కళ్ళార్పకుండా చూసింది. గుటక గుటకకీ కదిలే ఆ గొంతు చూస్తే ఏదో పాత బాకీ తీరినట్టనిపించింది. అప్పుడు గానీ లోపల రోజలిన్ అక్కడి పెట్టెని ఆపలేదు.

పదకొండున్నరకి, చెవిలో ఏ గొంతూ లేకుండా హంసిని మళ్ళీ బయలుదేరింది. సీతారత్నం రేకుల గదిలో లేదు. సింహాచలాన్ని తోడు తీసుకుని అవతలి చివరికి నడిచి, కంచె బయట, పిల్లకి ఎదురుగా నిలబడింది. ఉబ్బు మీదుగా తెల్లగా తేలి, విమానం వాళ్ళ నెత్తి మీదుగా వెళ్ళింది.

"ఎలిపోనాదమ్మా" అన్నాడు సింహాచలం, దండం పెడుతూ.

"వస్తుంది" అంది సీతారత్నం. వచ్చేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.

శిక్షణ బడి ఆ ప్రయోగాన్ని ఆపేసింది. రోజలిన్ వారం తరవాత ఇంటికొచ్చింది. వేలమంది ఇళ్ళలో అదే గొంతు, అదే మౌనం. "చెరిపేద్దామంటే చెరిపేస్తానమ్మా. మీ ఇష్టం. లేదంటే దీనికి వెనక పిలవడం నేర్పాలి. అది నేను చెప్తే నేర్చుకోదు. మీరు పిలుస్తూంటే చూసే నేర్చుకోవాలి. కొన్ని వందలసార్లు."

సీతారత్నం దేవుడిగూడు వైపు చూసింది. "తప్పు నేర్పినదాన్ని, ఒప్పు నేర్పకుండా తప్పించుకోకూడదు" అంది.

నెలరోజులు, పొద్దున్న వంటయ్యాక, భర్త విమానాన్ని పరుగెత్తించడం, తను ఆపడం. మొదటివారం పిలిచిన ప్రతిసారీ గుండె జారేది. "ఆగు" అనడం, "సింహాద్రప్పన్నా" అని గొణుక్కోవడం. ఆ గొణుగుడు పెట్టె నేర్చుకోకూడదని రోజలిన్ అది కత్తిరించాల్సొచ్చేది. "నన్ను ఇరవయ్యేడేళ్ళు ఎదురొచ్చి పట్టుకున్నావు, ఇప్పుడు కసి తీర్చుకుంటున్నావే" అని గున్నేశ్వరరావు ఆటపట్టించేవాడు. రెండోవారం నుంచి ఆవిడకి భయం తగ్గింది. తగ్గినందుకు ఇంకో రకం బెంగ పట్టుకుంది. ఇన్నాళ్ళూ దీన్నా నేను మోసింది?

నెలాఖరున రోజలిన్ పరీక్ష పెట్టింది. ఈసారి గున్నేశ్వరరావు కూడా ఆటలో లేడు. తెర మీద విమానాలన్నీ కంప్యూటరువే, చెప్పే గొంతూ పెట్టెదే. ముగ్గురూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఒక పచ్చ విమానం పరుగందుకుంది. రోజలిన్ దాని ముందు ఇంకోదాన్ని తెచ్చి ఆపింది.

"పచ్చ విమానం, ఆగు!" అంది పెట్టె, వెంటనే. "వెనక పిలుస్తున్నాను. ఆగిపో."

పచ్చ విమానం ఆగింది. రోజలిన్ ఊపిరి వదిలింది. గున్నేశ్వరరావు చప్పట్లు కొట్టబోయాడు.

పెట్టె ఇంకా అయిపోలేదు. "ఇలా వచ్చి కాసేపు కూర్చో బాబూ. కాసిని మంచినీళ్ళు తాగి బయలుదేరు" అంది.

"ఇది నేను పెట్టలేదమ్మా" అంది రోజలిన్, చిన్నగా. "ఆ రోజు పెట్టె ఆపేలోపు... మీరు గ్లాసిస్తూ అన్నమాట గదిలో మైకు విని ఉంటుంది. అక్కడ విన్నది దీనిలోకీ చేరింది. తీసెయ్యమంటారా? విమానం నీళ్ళేం తాగుతుంది?"

సీతారత్నం తెర వంకే చూస్తోంది. పచ్చ విమానం రన్‌వే దిగి, పక్కకొచ్చి, కుదురుగా నిలబడింది. ఒక మనిషి గ్లాసెడు నీళ్ళు తాగడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగి, అప్పుడు బయలుదేరింది.